తోట నేనే చూస్తున్నా, పుస్తకంలో పేరు ఇంకా ఆయనదే

పాఠకురాలి ఉత్తరం:

అక్కా, మాది పాకాల దగ్గర ఒక పల్లె. నా వయసు 37. మా ఆయన రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం, అబ్బోడు తొమ్మిదో తరగతి. అత్త నాతోనే ఉంటుంది. మాకు 4 ఎకరాల 60 సెంట్లు భూమి ఉంది. మామ బతికుండగానే సెటిల్‌మెంట్ రాసి మా ఆయన పేరుతో రిజిస్టరు చేయించారు. మరిదికి ఆయన భాగం వేరే ఇచ్చారు. మా దాంట్లో రెండెకరాలు తోతాపురి తోట, పాతికేళ్ల చెట్లు. మిగతాది మిట్ట చేను, వాన పడితే చెనక్కాయలు, పడకపోతే బీడు. ఒక బోరు ఉంది, ఇంచు నీళ్లు వస్తాయి. రెండు జెర్సీ ఆవులు ఉన్నాయి.

2025 సీజన్లో కాయలు కోసి ఫ్యాక్టరీకి తోలితే ట్రాక్టరు గేటు బయట రెండు రాత్రులు నిలబడిపోయింది. కింది కాయలు మెత్తబడి రసం కారతా ఉంటే మూడో రోజు ర్యాంపుకు, అంటే వ్యాపారులు కాయ కొనే చోటుకు, తీసుకుపోయి కిలో 4 రూపాయలకు దించేసి వచ్చాము. కోత కూలి, ట్రాక్టరు బాడుగ పోతే ఏమీ మిగల్లేదు. ప్రభుత్వం కిలోకు కలిపి ఇస్తామన్న 4 రూపాయలు కూడా మాకు పడలేదు. పాసుపుస్తకం చనిపోయిన మనిషి పేరు మీద ఉంది కదా అన్నారు.

మరిది బెంగళూరులో ఉంటాడు. చెట్లు నరికి కట్టెలు అమ్మేసి, ఇంకొంత అప్పు తెచ్చి వెయ్యి అడుగుల బోరు వేసి టమాటా పెట్టమంటున్నాడు. అది చేతకాకపోతే రోడ్డు పక్క ఎకరా ప్లాట్ల వాళ్లకు అమ్మేయమంటున్నాడు. అత్తేమో చెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోనంటుంది. ఊర్లో రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర అప్పుంది. బ్యాంకులో మా ఆయన పేరుతో పంట రుణం అట్లే ఉంది. తెల్లారి నాలుగుకు లేస్తే రాత్రి పదికి నడుం వాలుస్తా. అయినా ఆఫీసుకు పోతే ‘రైతు రాలేదామ్మా?’ అని అడుగుతారు. చెల్లెలనుకుని ఏం చేయమంటారో చెప్పండి.

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరంలో ‘రైతు రాలేదామ్మా?’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మ నలభై ఏళ్లు ఆవులు పిండింది, కలుపు తీసింది, చెనక్కాయలు వలిచింది. నా చిన్నప్పుడు ఒకసారి ఒక బ్యాంకు నుంచి రుణం గురించి మాట్లాడటానికి ఒకాయన మా చేనుకు వచ్చాడు. అమ్మ మోకాలి దాకా బురదతో గట్టు ఎక్కి వచ్చి నిలబడింది. ఆయన ఆమె వైపు చూసి, ‘ఇంట్లో మగవాళ్లు ఎవరూ లేరా?’ అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. చేతిలో ఉన్న కొడవలి కింద పెట్టి మా నాయనను పిలవడానికి పోయింది. ఆ కొడవలి కింద పెట్టిన తీరు ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

అందుకే నువ్వు చెట్ల గురించి అడిగితే నేను కాగితం దగ్గర మొదలుపెడుతున్నా. నువ్వు రాసిన కష్టాలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి గానీ, సగం ఒక్క చోటనే ముడిపడి ఉన్నాయి. 4 రూపాయలు పడకపోవడం, బ్యాంకులో రుణం కదలకపోవడం, మరిది నీ భూమి మీద మాట చెప్పగలగడం, అన్నిటికీ కారణం రెండేళ్లుగా ఆ భూమి రికార్డుల్లో చనిపోయిన మనిషి పేరు మీదే ఉండటం. ఇన్నాళ్లూ ఆ పని ఎందుకు చేయలేదని నేను అడగను. ఇంటి మగమనిషి పోయిన ఏడాది ఎవరికైనా తినేదానికే ధ్యాస ఉండదు, ఇంక కాగితాల మాట ఎక్కడ? ఇప్పుడు మాత్రం దీన్ని అన్నిటికంటే ముందు పెట్టుకో.

హక్కు సంగతి చెబుతా విను. మామ రాసిచ్చిన సెటిల్‌మెంట్‌తో భూమి మీ ఆయన సొంత ఆస్తి అయింది. వీలునామా రాయకుండా పోయారు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నీకు, మీ అమ్మాయికి, అబ్బోడికి, మీ అత్తకు నలుగురికీ సమాన వాటాలు వస్తాయి. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉంటుందని చాలామందికి తెలియదు. అన్నకు భార్యాబిడ్డలు, తల్లి ఉండగా తమ్ముడికి అందులో వాటా రాదు. ఇదే పూర్వీకుల ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరేగా ఉంటుంది. అందుకని ఆ సెటిల్‌మెంట్ దస్తావేజు తీసుకుపోయి ఒక వకీలుకు చూపించు. ఫీజు గురించి దిగులు పడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నుంచే చట్టం ఉంది. కోర్టు దగ్గరుండే న్యాయ సేవాధికార సంస్థలో అడుగు, లేదా 15100కు ఫోన్ చెయ్యి.

రికార్డులో పేరు మార్పుకు, దాన్నే మ్యుటేషన్ అంటారు, గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సెటిల్‌మెంట్ దస్తావేజు నకలు, మీ ఆయన పాత పాసుపుస్తకం, నలుగురి ఆధార్ కాగితాలు ఒకే సంచిలో పెట్టుకుని పో. మీ అత్తను కూడా వెంట తీసుకుపో. ఆమె ఎదురుగా కూర్చుని ‘నా కోడలే సేద్యం చేస్తుంది’ అని చెబితే ఆ మాటకు విలువ వేరు. పిల్లలిద్దరూ మైనర్లు కాబట్టి వాళ్ల వాటాలకు సంరక్షకురాలిగా నీ పేరు ఉండాలి. దరఖాస్తు ఇచ్చిన చోట రసీదు తీసుకోకుండా లేవొద్దు. ‘రేపు రామ్మా’ అంటే రేపు పో, ఎల్లుండి పో. ఆ తర్వాత కూడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వు.

1-బిలో, అంటే ఊరి భూమి హక్కుల రికార్డులో, నీ పేరు పడ్డాక ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటుంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు వస్తాయి. ఆ పథకంలో 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉన్నవాళ్లకే అనే నిబంధన ఉంది, కానీ భూమి ఉన్న మనిషి చనిపోయి వారసులకు వచ్చిన భూమికి మినహాయింపు ఇచ్చారు. ‘నీ పేరు కొత్తగా ఎక్కింది, నీకు రాదు’ అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పు. దీనికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అన్నదాత సుఖీభవ కలిపితే ఏడాదికి 20,000. ఇక ఈ-పంట, అంటే ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ప్రభుత్వ నమోదు. మామిడికైనా చెనక్కాయకైనా ప్రతి సీజన్లో రైతు సేవా కేంద్రం మనిషిని చేను దగ్గరికి పిలిచి నీ పేరుతో నమోదు చేయించుకో. పరిహారం, బీమా, మద్దతు ధర, అన్నీ దాన్ని చూసే ఇస్తారు. మ్యుటేషన్ ఆలస్యమైతే ‘సాగు చేస్తున్నది నేనే, నా పేరుతో రాయండి’ అని ఇప్పుడే అడుగు. మొహమాటపడొద్దు.

ఇంకొక చిన్న మాట. మీ ఆయన బ్యాంకు పాసుపుస్తకం తీసి, చనిపోక ముందు మే నెలాఖర్లోనో జూన్‌లోనో 436 రూపాయలు పోయినట్టు ఉందేమో చూడు. ఉంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, దాని కింద 2 లక్షలు రావాలి. ఆలస్యమైంది కదా అని వదిలేయకుండా బ్యాంకులో రాసి ఇచ్చి అడుగు. ఎందరో ఆడవాళ్లకు ఆ కోత దేనికో కూడా తెలియక డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

బ్యాంకు రుణాన్ని మీ ఆయన పేరుతో అట్లే వదిలేస్తే వడ్డీ పెరిగిపోతుంది. వారసుల బాధ్యత ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే. అయినా మంచి దారి ఏమిటంటే నువ్వే పోయి మేనేజరుతో మాట్లాడి, పాత లెక్క తేల్చి నీ పేరుతో కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోవడం. లెక్క చూడు. ఊర్లో లక్షన్నరకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. బ్యాంకు పంట రుణానికి 3 లక్షల దాకా 7 శాతం, అంటే అదే లక్షన్నరకు 10,500. గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది, అంటే 6,000. అసలు తీరకుండానే నువ్వు ఏడాదికి 30,000 ఊరికే పోసుకుంటున్నావు. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా పంట రుణానికి తాకట్టు అడగకూడదన్న నిబంధన కూడా ఉంది. పంట ఖర్చు బ్యాంకు డబ్బుతో గడిస్తే, పాల డబ్బు, డ్వాక్రా రుణం ఊరి అప్పు మీదికి మళ్లించు. ఆ అప్పు తీరిపోయేదాకా కొత్త అప్పు మాట ఎత్తొద్దు.

అంటే బోరు కూడా వద్దనే చెబుతున్నా. మన వైపు వెయ్యి అడుగుల బోరంటే లాటరీ టికెట్ కొన్నట్టే. ఇంటి పుస్తెలు కుదువ పెట్టి బోరు వేసి దుమ్ము తప్ప ఏమీ చూడని వాళ్లు ప్రతి ఊర్లో ఇద్దరు ముగ్గురుంటారు. ఎంత లోతుకు పోతే అడుగుకు రేటు అంత పెరుగుతుంది. నీళ్లు పడ్డా కేసింగ్, మోటారు, కేబుల్ అన్నీ మళ్లీ అప్పే. పక్క చేను వాళ్లు 1,100 వేస్తే నీది ఎండిపోతుంది. నీ బోరులో ఇంచు నీళ్లు వస్తున్నాయి, దాన్ని కాపాడుకో. చేను కింది మూలన పంట కుంట తవ్వించుకుంటే పడిన వాన ఆ బోరుకే దిగుతుంది. డ్రిప్‌కు చిన్న, సన్నకారు రైతులకు ప్రభుత్వ సబ్సిడీ ఉంది. అదీ పాసుపుస్తకం చూసే ఇస్తారు.

టమాటా సంగతి. మీ మరిదికి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 150 దాటిపోయింది. లక్షాధికారులైన రైతుల ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. అదే మార్కెట్ దారిలో కోత కూలి కూడా రాక బాక్సులు రోడ్డు మీద కుమ్మరించి పోయిన వాళ్లను నేను చూశాను. వాళ్ల ఫోటోలు ఎవరూ పంచుకోలేదు. టమాటాకు కట్టెలు, దారాలు, మల్చింగ్ షీట్, వారం వారం మందులు, పది మంది కూలీలు కావాలి. ధర పడిపోయినా రెండు సార్లు తట్టుకునే డబ్బు చేతిలో ఉన్నవాళ్లు పెట్టే పంట అది. ఇద్దరు పిల్లలతో, ఊరి అప్పుతో ఉన్న మనిషి పెట్టేది కాదు. మీ మరిది నీ చెడు కోరడం లేదని నాకు తెలుసు, దూరం నుంచి చూసేవాళ్లకు ధర కనిపించినంతగా ఖర్చు కనిపించదు.

ఇప్పుడు తోట. తోతాపురి ఎందుకు పడిపోయిందో అర్థం చేసుకుంటే ఏం చేయాలో తెలుస్తుంది. ఇది ముఖ్యంగా గుజ్జు కాయ. గుజ్జు తీసి డబ్బాల్లో నింపి గల్ఫ్‌కు, ఐరోపాకు పంపుతారు, కూల్‌డ్రింకుల కంపెనీలు కొంటాయి. పోయిన ఏడాది గుజ్జు గోదాముల్లో మిగిలిపోతే ఈ ఏడాది కాయను ఎవరూ అడగరు. బేనీషా (బంగినపల్లి) అయితే ఫ్యాక్టరీ వద్దన్నా తిరుపతి బజార్లో తినేవాడు కొంటాడు. తోతాపురికి ఆ రెండో గుమ్మం చాలా చిన్నది. 2025లో ప్రభుత్వం ఫ్యాక్టరీలు 8, తాము 4, మొత్తం 12 రూపాయలని ప్రకటించింది, కర్ణాటక కాయ రాకుండా జిల్లా సరిహద్దులో ఆపింది. అయినా నీ ట్రాక్టరు రెండు రాత్రులు గేటు బయటే నిలబడింది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు కాయితం మీద రాసిన ధర చేతికి రాదు.

కానీ ఈ చెట్టుకు ఒక మంచి గుణం ఉంది. మామిడిలో చాలా రకాలు ఒక ఏడు విరగకాసి మరు ఏడు మొండికేస్తాయి. తోతాపురి ఏటా కాస్తుంది, బాగా కాస్తుంది, మన ఎండకు, మన రాతి నేలకు తట్టుకుంటుంది. పాతికేళ్ల చెట్టు వేరు ఎంత లోతుకు పోయి ఉంటుందో ఆలోచించు. నీ బోరు వాడకుండా బతికే ఆస్తి అది. దాన్ని కట్టెలకు అమ్మితే ఒక్కసారి వచ్చే డబ్బు ఆ బోరుకే చాలదు. మొదలంటా నరకొద్దు.

నరకకుండా రకం మార్చుకోవచ్చు. ముప్ఫై మూడు అడుగుల దూరం పాటించిన పాత తోటలైతే ఎకరాకు 40 చెట్లుంటాయి, నీకు సుమారు 80. అందులో 25 చెట్లు మాత్రం తీసుకో. కాపు అయిపోయాక పెద్ద కొమ్మలు కోసేస్తే కొత్త చిగుళ్లు గుబురుగా వస్తాయి. ఒక్కో కొమ్మకు ఆరోగ్యంగా ఉన్న రెండు మూడు ఉంచి మిగతావి తీసేయాలి. అవి పెన్సిలు లావు అయ్యాక బేనీషా పుల్లతో అంటు కట్టిస్తారు. వేరు పాతదే కాబట్టి మూడు నాలుగేళ్లలో కాయ చూస్తావు, కొత్తగా నాటితే అంతకంటే ఎక్కువ కాలం ఆగాలి. కోసిన చోట మాత్రం అశ్రద్ధ చేయొద్దు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో బోర్డో పేస్ట్ చేసి ప్రతి కోత మీద ఆ రోజే పూయాలి. లేకపోతే కోసిన చోట తెగులు సోకి కుళ్లుతుంది, చెట్టే పోతుంది. చేయి తిరిగిన అంటుకట్టే మనిషి చేతే చేయించు. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, మీ మండలంలో ఉద్యాన అధికారి ఉంటారు, వాళ్లను అడిగి పుల్ల ఎక్కడ తీసుకోవాలో తెలుసుకో. ఇమాంపసందు కూడా చెన్నై వాళ్లు ఎగబడి కొంటారు గానీ ఏటా సమంగా కాయదు, అందుకని నాలుగైదు చెట్లకు మించి వద్దు.

మిగతా 55 చెట్ల కాయ ఫ్యాక్టరీకే పోతుంది. ఈసారి ఒంటరిగా తోలొద్దు. మీ ఊర్లో తోటలున్న పది కుటుంబాలు కలిస్తే ముందే ఫ్యాక్టరీ ఇచ్చే టోకెన్ రోజు తెలుసుకుని, ఆ రోజుకు ఎంత కావాలో అంతే కోయొచ్చు. ట్రాక్టరు లోడయ్యాక బేరమాడే రైతుకు బలం ఉండదు, కాయ చెట్టు మీద ఉన్నప్పుడే ఉంటుంది. దామలచెరువు మండీలో నేను ఒక పొద్దంతా నిలబడి చూశాను. సూట్ (తూకంలో తీసేసే తరుగు) పేరుతో, కమీషన్ పేరుతో, మచ్చకాయ పేరుతో కోసుకుంటూ పోతుంటే ఒంటరి రైతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అదే ముగ్గురు నలుగురు కలిసి వచ్చిన చోట కాటా దగ్గర ఒకరు, చీటీ దగ్గర ఒకరు ఉన్నారు, మాట తీరే మారిపోయింది. పదిమంది కలిస్తే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చని చట్టం చెబుతుంది. కొత్తది పెట్టే శ్రమ కంటే దగ్గర్లో సరిగ్గా నడుస్తున్నది ఉంటే చేరడం మేలు. డ్వాక్రా సంఘంలో ఎవరికైనా పచ్చి తోతాపురి ఒరుగులు, ఊరగాయ చేసి అమ్మే ఆసక్తి ఉంటే, ఆహార శుద్ధి చిన్న పరిశ్రమలకు కేంద్రం 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ ఇస్తూ వచ్చింది, ఇప్పుడూ ఉందేమో కనుక్కో. ఇది రెండో ఏటి ఆలోచన. మొదటి ఏడు నీ మీద ఇంకో బరువు వేయను.

మొదటి ఏడు ఇల్లు నడపాల్సింది ఆవులు. మన చిత్తూరు సీమ పల్లెలు కరువుల్లో నిలబడ్డాయంటే పాల బిల్లు వల్లనే. వాన ఎగ్గొట్టినా ఆవు ఎగ్గొట్టదు. నువ్వు పాలు పోసే చోట ఇచ్చే చీటీ చూస్తావా? లీటర్లు చూసి జేబులో పెట్టుకునే వాళ్లే ఎక్కువ. వెన్న 3.5 శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే గట్టి పదార్థం) 8.5 శాతం దగ్గర ఉందో లేదో రోజూ చూడు. ఎస్ఎన్ఎఫ్ కొంచెం పడితే లీటరుకు ధర ఎంత పడుతుందో చార్టులోనే రాసి ఉంటుంది. ఎండాకాలం పచ్చి మేత లేక, ఎండ దెబ్బకు అది పడిపోతుంది. ఒక్కో ఆవుకు రోజుకు 20, 25 కిలోల పచ్చిమేత, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, తాగినన్ని చల్లని నీళ్లు ఇస్తే నెలలోనే చీటీలో తేడా కనిపిస్తుంది. దాణా ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో లెక్కన, ఆవు ఒంటి పోషణకు ఇంకో కిలో, అంతకు మించి పోస్తే పేడలో పోతుంది. నీ ఇంచు నీళ్లలో మొదటి హక్కు మేతది. 20 సెంట్లలో సూపర్ నేపియర్ పెడితే రెండావులకు సరిపోతుంది. ఆవుకు జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

ఇక్కడ నీకు ఒక సంగతి చెప్పాలి. తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ 2014లో మొదలైంది. అందులో వాటాదారులందరూ ఆడవాళ్లే. పాలు పోసే పుస్తకం మీద, బ్యాంకు ఖాతా మీద ఆమె పేరే ఉంటుంది. సెంటు భూమి లేని మనిషి కూడా అక్కడ సభ్యురాలు. నువ్వు ఎక్కడ పోసినా సరే, పాల పుస్తకం నీ పేరుతో ఉందో లేదో చూసుకో. ఇంకా మీ ఆయన పేరుతోనే ఉంటే రేపు పొద్దున పాలు పోసేటప్పుడే మార్పించు. దీనికి ఏ తహసీల్దారూ అక్కర్లేదు.

మిట్ట చేనులో ఈసారి చెనక్కాయ ఒక్కటే వేయకు. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన ధరణి రకం బెట్టకు తట్టుకుంటుంది, ఊడలు దిగే సమయంలో వాన ఆగినా పూర్తిగా చేతికి రాకుండా పోదు. మన పెద్దవాళ్లు చెనక్కాయ సాళ్ల మధ్య కంది, అలసంద, అనప చల్లేవాళ్లు. మీ అత్తకు ఆ లెక్క బాగా తెలిసి ఉంటుంది, అడుగు. మార్గశిరం, పుష్యమాసాల్లో అనపకాయలు ఎంత రేటు పలుకుతాయో నీకు తెలుసు. పితికిపప్పు లేకుండా మన ఇళ్లలో సంక్రాంతి జరగదు. చెనక్కాయ పోయిన ఏడు కూడా అనప నిలబడి ఇంటి ఖర్చు దాటించడం మా చేనులోనే చూశాను. మేతకు పోగా నీళ్లు మిగిలితే 10 సెంట్లలో కనకాంబరం పెట్టు. తిరుపతిలో పూలకు గిరాకీ లేని రోజు లేదు. పొద్దున్నే కోసి కట్టే పని ఇంట్లో ఆడవాళ్లే చేసుకోవచ్చు, లోడు లేదు, గేటు లేదు. వేరుకుళ్లు వస్తుంది కాబట్టి ఏటా ఒకే చోట పెట్టకు.

రోడ్డు పక్క ఎకరా గురించి ఒక్క మాటే. పిల్లలు మైనర్లుగా ఉన్నంత కాలం వాళ్ల వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి ఉండాలి. అది లేకుండా నువ్వు సంతకం పెట్టి అమ్మినా, రేపు పిల్లలు ఆ అమ్మకాన్ని కోర్టులో రద్దు చేయించొచ్చు. ప్లాట్ల వాళ్లు అడ్వాన్సు చేతిలో పెట్టి అగ్రిమెంటు మీద సంతకం అడిగితే, ఈ మాట చెప్పి డబ్బు ముట్టకుండా లోపలికి వచ్చేయి. మీ మరిదికి కూడా ఇదే చెప్పు, తగాదా పెట్టుకోకుండా చట్టం మీద వేసి చెప్పు.

మీ అమ్మాయి గురించి నువ్వు ఒక్క ముక్కే రాశావు, బైపీసీ అని. తనకు ఇష్టమైతే ఎంట్రన్స్‌లో వ్యవసాయ కోర్సు కూడా మనసులో పెట్టుకోమను. తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాల 1961 నుంచి ఉంది, మీ ఇంటి నుంచి బస్సులో పోయే దూరం. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లలో రైతు బిడ్డలకు కోటా ఉంది. పల్లెలో నాలుగేళ్లు చదివి ఉండాలి, తల్లిదండ్రులకు కనీసం ఎకరా భూమి ఉండాలి. నీ వాటాకు ఎకరా 15 సెంట్లు వస్తుంది. అది నీ పేరుతో కౌన్సెలింగ్ నాటికి రికార్డుల్లో ఉండాలి. అందుకే మొదటి నుంచీ ఆ కాగితం వెంట పడమంటున్నా. మీ అమ్మాయికి వ్యవసాయం ఇష్టం లేకపోతే బలవంతం చేయకు, తనకు నచ్చింది చదవనీ.

చివరగా మీ అత్త. ఆమె చెట్లు ముట్టనీయకపోవడం మొండితనం అనుకుంటున్నావేమో. భర్త నాటిన చెట్లు, కొడుకు నీళ్లు పోసిన చెట్లు. ఇద్దరూ పోయాక ఆమెకు మిగిలింది అవే. ఆమె వాటా ఆమె పేరుతోనే ఉండనీ, రాసిమ్మని అడగకు. పైకొమ్మలు కోసి అంటు కడితే వేరు, మొదలు అట్లే ఉంటాయని ముందుగా ఆమెకే చెప్పు. ఒక సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఆమె చెయ్యి పట్టుకుని తోటంతా తిప్పు. సున్నం డబ్బా, చీపురు పుల్ల ఆమె చేతికే ఇవ్వు. ముట్టకూడదనుకున్న చెట్లకు ఆమెనే గుర్తు పెట్టమను. ఆ గుర్తు లేని చెట్లలోంచే నీ పాతిక ఏరుకో.